పేరు వినపడాలి

ఫీజీకి స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏడు, 1972 ఏప్రిల్‌లో, నన్ను వునిమోలి పోలింగ్ కేంద్రానికి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. అప్పట్లో నేను లంబాసా జిల్లా కార్యాలయంలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ని. హోదా వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, గుమాస్తా కన్నా ఒక మెట్టు ఎక్కువ, అంతే. ఎన్నికల పని వచ్చినప్పుడు మాత్రం ఆ రోజుకి మేమే రాజులం. బడి గదిలో బెంచీలు గోడకి జరిపించి, ఓటు వేసే చోట గోనెపట్టా అడ్డం కట్టించి, తలుపు దగ్గర కానిస్టేబుల్‌ని నిలబెట్టాక, ఆ గదిలోకి ఎవరు రావాలన్నా నా మాటే చెల్లేది.

అది స్వతంత్ర ఫీజీలో మొదటి సార్వత్రిక ఎన్నిక. జాతివారీ జాబితాలు, ఉమ్మడి స్థానాలు అని ఒక్కో ఓటరుకి ఒకటికి మించి ఓట్లుండేవి. ఆ గందరగోళమంతా ఇక్కడ విప్పను. నేను చెప్పబోయేది ఒక్క బ్యాలెట్ పేపరు సంగతి.

ఓటు హక్కు ఇరవై ఒక్క ఏళ్ళకి వచ్చేది. పైన హద్దు లేదు. జాబితాలో పేరుండి, వచ్చింది ఆ మనిషేనని తేలితే, వయసు ఎంతైనా బ్యాలెట్ ఇవ్వాల్సిందే. చూపు లేనివాళ్ళకి, చదువు రానివాళ్ళకి ప్రిసైడింగ్ ఆఫీసరే గుర్తు పెట్టాలి. అలా పెట్టేటప్పుడు అభ్యర్థుల తరఫు ఏజెంట్లు పక్కనే ఉండి చూస్తారు. ఓటరు తనకు కావలసిన అభ్యర్థి పేరు తన నోటితో చెప్పాలి, అది ఏజెంట్లకి వినపడాలి. తల ఊపడం, చేత్తో చూపడం చెల్లవని మా పై అధికారి రాతపూర్వకంగా ఆజ్ఞ ఇచ్చాడు. దానికి కారణం ఉంది. అంతకు ముందు ఎక్కడో ఒక గుమాస్తా, ముసలివాళ్ళు తల ఊపారని చెప్పి, కాగితాల మీద తన ఇష్టం వచ్చిన చోట గుర్తులు పెట్టేశాడట.

చెరకు కోత ఇంకా మొదలు కాలేదు. లారీలన్నీ ఖాళీగా ఉండటంతో ఆ రోజు ఓటర్లని మోశాయి. ఒక లారీలోంచి లలిత అనే అమ్మాయి వాళ్ళ ఆజీని జాగ్రత్తగా దింపింది. మా దీవుల్లో నాయనమ్మని ఆజీ, తాతని ఆజా అంటారు. లలిత ఆ బడిలోనే టీచరు. ప్రభుత్వం ఎలా ఏర్పడుతుందో పిల్లలకి పాఠం చెప్పే మనిషి. ఇరవై ఏళ్ళు నిండాయి, ఇరవై ఒకటి నిండలేదు. కాబట్టి తాను పాఠం చెప్పే గది గుమ్మం దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది.

ఆజీ పేరు సన్యాసమ్మ. గిర్మిట్ మీద, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం మీద, పడుచు వయసులో ఓడెక్కి వచ్చిన మనిషి. ఎనభై దాటి ఉంటాయి. కళ్ళకి పొరలు కమ్మాయి. భర్త పోయాడు, ఒక్కగానొక్క కొడుకూ పోయాడు. చెరకు భూమి లీజు ఆమె పేరనే ఉంది, గడువు దగ్గర పడింది. అది పోతే ఆమెకీ మనవరాలికీ నిలువ నీడ ఉండదు. లీజుల మాట ఎత్తిన అభ్యర్థి ఒక్కడేనట. అతను వాళ్ళింటికొచ్చి, చాప మీద కూర్చుని, టీ తాగి వెళ్ళాడట. ఓటు అతనికే వేయాలని, ఆ రోజు వాన పడుతున్నా వచ్చింది.

అతని పేరు గవరయ్య. ఆమె భర్త పేరూ అదే.

చదువుతున్నవారికి ఇందులో చిక్కేమిటో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. భర్త పేరు నోట పలకడం మా పాతతరం ఆడవాళ్ళలో లేదు. మా అమ్మ కూడా రేషను కొట్లో నాన్న పేరు అడిగితే నావైపు చూసేది.

సన్యాసమ్మని గుర్తుపట్టడం సులువుగానే అయింది. ఎవరికి వేయమంటారని అడిగాను. మా ఇంటికొచ్చిన బాబుకి, అంది. పేరు చెప్పమన్నాను. మళ్ళీ ఆ బాబుకే అంది. అభ్యర్థి ఎన్నికల గుర్తు చెప్పినా పేరు కూడా కావాలన్నాను. గుర్తులు తనకు తెలియవనీ, మనిషే తెలుసుననీ అంది.

ఎదుటి అభ్యర్థి ఏజెంటు అప్పన్న. ఊళ్ళో దుకాణం నడిపేవాడు, తెలుగువాడే. లేచి నిలబడి, ఎవరికి వేస్తున్నదో కూడా తెలియని మనిషికి ఓటెందుకని నన్ను అడిగాడు. నేను చట్టం చెప్పాను. అతను వినలేదు.

"కింద ఇరవై ఒకటని లిమిట్ పెట్టారు గదా భాయ్, పైన కూడా ఒకటి పెట్టాలి. బుడ్ఢాలని లారీలో ఎక్కించి తెస్తారు, ఎవరు నేర్పితే వాళ్ళకి వేస్తారు. టీచరమ్మకి ఓటు లేదు, ఈమెకుంది. ఇదేం న్యాయం?"

ఆ చివరి మాట అతని నోట వచ్చినందుకు నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అందులో సగం నిజముంది. గుమ్మంలోంచి లలిత ఈ మాటలన్నీ వింది. ఆజీ ఆ పేరు అనకూడదు సర్, నేను చెప్తాను, అంది. నీకు వయసు రాలేదమ్మా, ఈ గదిలో నీ మాట చెల్లదు, అన్నాను. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఇంట్లో ఒకరి ఓటు గుమ్మం బయట ఆగింది, ఒకరిది లోపల ఆగింది.

నేను ఒక మార్గం చూశాను. అభ్యర్థుల పేర్లు వరసగా చదువుతాను, కావలసిన పేరు దగ్గర ఆపమన్నాను. మొదటి పేరు చదివాను, కదల్లేదు. రెండోది గవరయ్య. చదవగానే ఆమె కొంగు నెత్తి మీదకి లాక్కుని తల దించుకుంది.

అప్పన్న వెంటనే అభ్యంతరం చెప్పాడు. అది ఓటు కాదనీ, మొగుడి పేరు చెవిన పడితే ఏ ముసలామె అయినా అదే చేస్తుందనీ అన్నాడు. అతను తప్పు చెప్పలేదు. అదే నా బాధ. కొంగు కప్పుకున్నది అభ్యర్థి కోసమో భర్త కోసమో చూసేవాళ్ళెవరూ చెప్పలేరు. పై అధికారి ఆజ్ఞ సరిగ్గా ఇలాంటి చోటు కోసమే రాసినట్టుంది. ఆమెకి సంగతి వివరించాను. పేరు చెప్పకపోతే కాగితం రద్దు చేసి పక్కన పెట్టాల్సి వస్తుందన్నాను.

ఆమె నావైపు కాదు, గొంతుని బట్టి అప్పన్న ఎక్కడున్నాడో పోల్చుకుని అటు తిరిగింది.

"గిర్మిట్ కాయితం మీద ఏలు ఎయ్యమన్నారు, ఏసినాను. అప్పుడు నా ఈడు ఎవులూ అడగనేదు. చేతులు నొక్కి సూసినారు, అంతే. కూలికి నేని ఈడు ఓటుకెందుకొచ్చింది నాయనా?"

అప్పన్న తల వంచుకుని చేతిలోని జాబితా తిరగేశాడు. ఆమె నావైపు తిరిగి, నా నోటితోనే చెప్పాలా బాబూ, అని అడిగింది. అవునమ్మా, అన్నాను. ఆమె ఏదో గొణిగింది. నాకు సగం వినిపించింది. అప్పన్న తల వంచుకునే, వినపడలేదు, అన్నాడు.

"గవరయ్య," అంది ఆమె, గది అంతా వినేలా. "రాసుకో."

గుర్తు పెట్టాను, అప్పన్నకి చూపించాను, మడిచి పెట్టెలో వేశాను. పద్ధతి ప్రకారం లోటేమీ లేదు.

బయట లలిత చెయ్యి అందిస్తే సన్యాసమ్మ పట్టుకోలేదు. గోడ తడుముకుంటూ బడి కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. అలా చాలాసేపు చేసింది. ఆ దీవుల మూలవాసి అయిన కానిస్టేబుల్ నన్ను చూసి, తమ ఊళ్ళో అన్నా చెల్లెలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదనీ, అలాంటిది ఎవరైనా బలవంతం చేస్తే తాను సహించేవాణ్ణి కాననీ మెల్లగా అన్నాడు. లలిత మాత్రం గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"సర్, ఆజా పోయినప్పుడు శవం మీద పడి ఏడ్చింది గదా, అప్పుడు కూడా ఆజీ ఆ పేరు అనలేదు."

మీ ఆజీ ఓటు సక్రమంగా పడిందమ్మా, అన్నాను.

నేను తప్పు చేశానని రాయడం లేదు. తల ఊపితే చాలని వదిలేస్తే, ఇంకో గదిలో ఇంకో గుమాస్తా చేసే మోసానికి తలుపు తీసినట్టే. ఆజ్ఞ సరైనదే. అప్పన్న అభ్యంతరమూ సరైనదే. అందరం సరిగ్గానే నడుచుకున్నాం, ఆ మనిషికి మాత్రం అంత జరిగింది. గవరయ్య ఓడిపోయాడు.

తర్వాతి ఎన్నికకి మళ్ళీ అదే కేంద్రానికి వేశారు. లలిత వరసలో వచ్చింది, మొదటిసారి ఓటు వేసింది. జాబితాలో సన్యాసమ్మ పేరు ఇంకా ఉంది. ఆజీ ఉందా అని అడిగాను. ఉంది సర్, లారీ చప్పుడు వింటే లోపలికి పోయి తలుపేసుకుంటుంది, అంది లలిత. సాయంత్రం ఆ పేరు ఎదురుగా ఓటు వేసినట్టు ఏ గీతా లేకుండానే జాబితా కట్టి సీలు వేశాను.

నేను రిటైరయ్యే రోజుల్లో, ఓటు వయసుకి హద్దులు మార్చాలా అని మావంటి వాళ్ళని అభిప్రాయం రాసివ్వమన్నారు. కింది హద్దు దించమని రాశాను. అది పద్దెనిమిదికి దిగింది మాత్రం చాలా ఆలస్యంగా, 2013 రాజ్యాంగంతో. పై హద్దు గురించి రాసింది రెండే వాక్యాలు: పైన హద్దు పెట్టనక్కర లేదు. ముసలివాళ్ళు తమంతట తామే రావడం మానుకునే పద్ధతులు మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి.