తాతకు అరువిచ్చిన చెయ్యి

నా రెండు కళ్ళ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నేను అన్నం తినేది ఆ కళ్ళ పుణ్యానే కాబట్టి వాటి మీద ఊరికే ఒట్టు పెట్టుకోను.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో తాండూరు గనిలో బండలు పలకలుగా చీల్చేవాణ్ణి. ఊరి బయటికి డేరా సినిమా వచ్చింది. అందులో ఒక ముని నిలబడ్డచోటే మాయమైపోతాడు. జనం దండాలు పెట్టారు. నాకు మాత్రం ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. ఎట్లా పోయాడు? ఇరవై ఏడు ఆటలు చూశాను. ఇరవై ఎనిమిదో ఆటలో పట్టుకున్నాను. ముని మాయమయ్యే క్షణాన, వెనక కొమ్మకు వేలాడే పూలదండ బెత్తెడు పక్కకు జరిగింది! అంటే కెమెరా ఆపారు, ముని నడిచి బయటికి పోయాడు, మళ్ళీ తిప్పారు. ఆ మధ్యలో గాలి వీచింది. "దొరికిండు!" అని అరిచాను. డేరావాళ్ళు జేబుదొంగ అనుకుని నా పక్కనున్నవాడికి నాలుగు తగిలించారు.

ఆ తర్వాత బండ ముందు కూర్చోలేకపోయాను. ఒకనాడు సుత్తి అక్కడే పడేసి రైలెక్కి, వికారాబాదులో దిగి, ఒక ఫోటో స్టూడియోలో చేరాను. ఒకే మనిషి రెండు కుర్చీల్లో కూర్చుని తనతో తానే మాట్లాడుతున్నట్టు ఫోటో తీయగల మొనగాడు దాని యజమాని. ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం.

"మూడు నెలలు సూస్త. పని రాకపోతే తాండూరు బండి ఎక్కిస్త," అన్నాడు.

మూడో నెల చివర్లో కోట్‌పల్లి దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చింది. ఆమె భర్త కూడా గనిలో పనిచేసినవాడే, కిందటేడు పోయాడు. ఏడాది మాసికం నాటికి ఇద్దరూ జంటగా కూర్చున్న ఫోటో కావాలంది. ఆయనకు ఉన్నది ఒకే ఫోటో, కూలీలంతా గుత్తేదారుతో నిలబడి తీయించుకున్నది. అందులో ఆయన ముఖం కందిగింజంత.

"గిది నువ్వు జెయ్," అన్నాడు ఉస్తాద్ నాతో. "గిదే నీ పరీక్ష."

అవ్వ తెచ్చిన తాత పంచె, తలపాగా కట్టుకుని ఆమె పక్క కుర్చీలో నేనే కూర్చున్నాను. తర్వాత ఆ కందిగింజ ముఖాన్ని పెద్దది చేసి నా మెడ మీద అతికించి, అతుకు కనబడకుండా దిద్ది, దాన్ని మళ్ళీ ఫోటో తీశాను. అవ్వ నుదుట బొట్టు కూడా కుంచెతోనే పెట్టాను. ప్రింటు ఆరేలోపు ఆ గదిలో నేను తిరిగిన తిరుగుడుకు తాండూరు చేరి ఉండాల్సింది.

తాత ముఖం చూసి అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె చూపు కిందికి దిగి, మోకాలి మీది కుడిచేతి దగ్గర ఆగింది.

"గీ చెయ్యి ఎవనిదిరా?"

"తాతదే అవ్వా."

"వేళ్లన్నీ సక్కగున్నయ్ గద! నా మొగణ్ణి పనిదొంగను జేసి కూసుండబెట్టినవ్!"

గనిలో చేసినవాడికి బండ పడి ఒక వేలో, వేలి కణుపో పోవడం మామూలు. అన్నీ ఉన్నవాణ్ణి చూసి, నీడన పడుకునే రకమని నవ్వేవారు. ఆ నవ్వులు నేనూ పడ్డాను. అయినా తట్టలేదు.

"ఏ వేలు అవ్వా?"

"సూపుడు వేలు, రెండు కణుపులు. పెండ్లయిన ఏడాదే పోయింది. గా మొండివేలు పట్కొనే జాతరలన్నీ తిరిగిన."

ఉస్తాద్ గోడ గడియారం వైపు చూశాడు. తాండూరు బండి వేళ అది. "జర సేపు ఆగు అవ్వా," అన్నాను. నెగెటివ్ పలక తీసి, ముల్లులా చెక్కిన పెన్సిలుతో ఆ వేలి మీదుగా తెల్ల పంచె మడత ఒకటి పాకించాను; నెగెటివ్ మీద పెన్సిలు తగిలినచోటు ప్రింటులో తెల్లబడుతుంది. కొత్త ప్రింటులో రెండు కణుపులు లేవు. అవ్వ తన వేలు ఆ మొండివేలి మీద ఆనించింది. "గిప్పుడైతే ఆయనే," అంది. నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"రేపు పొద్దుగాల జల్ది రా," అన్నాడు ఉస్తాద్.

ఆ మాటే నన్ను హైదరాబాదు మీదుగా మద్రాసు స్టూడియోల దాకా తోసింది. తొట్టిలో ఓడలు ముంచాను, తీగల మీద దేవతలను ఎగరేశాను. ఈనాటికీ సినిమా హాల్లో కుదురుగా కూర్చోలేను. "నీతోని వస్తే నాకు సినిమా కనబడది, ఊగే నీ కాళ్లే కనబడ్తయ్," అంటుంది మా ఆవిడ.

ఇక ఒట్టు సంగతి. ఇరవై ఎనిమిది ఆటలు కాదు, నాలుగే. అది పోనీయండి. వేలు చెరిపింది నేను కాదు. అవ్వ ఏ వేలో చెప్పగానే దొడ్డిదారిన స్టేషనుకు పరుగెత్తాను. బండి ఆలస్యం. ఆ వేలు ఎట్లా పోతుందో చూడకుండా వెళ్ళిపోవడం నావల్ల కాలేదు, తిరిగి వచ్చాను. అప్పటికే ఉస్తాద్ పెన్సిలు చెక్కుతున్నాడు.

"యాడ సచ్చినవ్‌రా? దీపం జర ఇటు పట్టు. సూడు," అన్నాడు.

పట్టాను, చూశాను. అవ్వ నా చేతులు కళ్ళకద్దుకుంటుంటే ఆయన నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.