గుర్తించినవారి సంతకం

బాన్సువాడ కోర్టు ఎదురుగా ఒక నోటరీ సారు దగ్గర నేను పన్నెండేళ్లు టైపు చేశాను. షట్టరు వెనుక రెండు గదులు. ముందు గదిలో నేను, కంప్యూటరు, ప్రతి వానాకాలం మొరాయించే ప్రింటరు. వెనుక గదిలో సారు కుర్చీ, గుండ్రటి సీలు, పెద్ద రిజిస్టరు. సారు పొద్దంతా కోర్టులోనే ఉండేవారు కాబట్టి వచ్చినవాళ్లతో మాట్లాడేది, కాగితం తయారు చేసేది, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో చుక్క పెట్టేది నేనే. మా తాతలు గోదావరి జిల్లాల నుంచి వచ్చి కోటగిరి దగ్గర, నిజాంసాగర్ కాలువ కింద, క్యాంపు అని పిలిచే వలస రైతుల పల్లెలో స్థిరపడ్డ రైతులు. అందుకని ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి, టేబుల్ దగ్గర ఇంకో తెలుగు వినేదాన్ని.

నోటరీ అంటే జనానికి పెద్ద భ్రమ. సీలు పడగానే కాగితంలో రాసిందంతా నిజమైపోతుందనుకుంటారు. నోటరీ చెప్పేది అంత లేదు. ఈ మనిషి నా ముందుకు వచ్చింది, ఈమె ఫలానా అని నాకు తెలిసినవాళ్లు చెప్పారు, చదివి వినిపిస్తే అర్థమైందంది, నా ఎదుటే వేలిముద్ర వేసింది. ఇంతే. ఇల్లు కొన్నామని నోటరీ కాగితం గర్వంగా చూపించేవాళ్లకు అది రిజిస్ట్రేషన్ కాదని చెప్పి చెప్పి నా నోరు పడిపోయేది. అవతలివాళ్లు నన్ను శత్రువును చూసినట్టు చూసి వెళ్లిపోయేవారు.

గల్ఫ్‌లో మగవాళ్లున్న ఇళ్లవాళ్లది ఇంకో బాధ. ఫోను చేత్తో పట్టుకొని వచ్చేవారు. "మా ఆయన వీడియోల ఉన్నడు మేడం. గీడనే సంతకం పెట్టి సూపిస్తడు, సీలు గుద్దుండ్రి" అని. కొన్ని దేశాల్లో కెమెరా ముందే నోటరీ చేసేస్తారట. మన దగ్గర అలా కుదరదు, మనిషి ఎదురుగా ఉండాలి, లేదంటే అక్కడి మన రాయబార కార్యాలయానికి వెళ్లి చేయించుకోవాలి అని సారు చెబితే, ఆ పాఠం అందరికీ ఒప్పజెప్పింది నేనే. తీరా నా దాకా వచ్చేసరికి ఆ జ్ఞానమంతా ఏ గంగలో కలిసిందో.

ఇక మా ఆఫీసు పద్ధతి చెప్పాలి. ప్రతి అఫిడవిట్ కింద 'గుర్తించినవారు' అని ఒక గీత ఉంటుంది. వేలు వేసిన మనిషిని ఎరిగినవాళ్లు అక్కడ సంతకం చెయ్యాలి. సాక్షిని వెంటబెట్టుకొని వచ్చే ఓపిక ఎవరికుంటుంది? అందుకని ఆ గీత మీద నేను పెట్టేసేదాన్ని. సాయంత్రం సారు వచ్చి, నా సంతకం చూసి, కట్టలు కట్టలుగా సీలు వేసేవారు. మనుషుల్ని ఆయన చూసేది నా కళ్లతోనే. మొదట్లో చెయ్యి కొంచెం ఆగేది, తర్వాత అదీ పోయింది. అన్నం తిన్న చెయ్యి కడుక్కున్నంత మామూలైపోయింది.

ఒక మధ్యాహ్నం మా క్యాంపు పక్క ఊరివాడొకడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. తండ్రి కట్టిన పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టడానికి బ్యాంకులో లోను తీసుకుంటున్నాడు. బ్యాంకు సంతకాలంటే తెలిసిందే, బొత్తెడు కాగితాలు, ప్రతి పేజీ కిందా సంతకం, ఒక్కటి తక్కువైనా మొదటికి వస్తుంది. అతనికి తక్కువైంది చెల్లెలి కాగితం. ఇంట్లో తనకు హక్కు లేదని, తాకట్టుకు అభ్యంతరం లేదని ఆమె ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి.

"మా చెల్లెకు జెరమొచ్చింది అక్కా, మంచం మీదికెళ్లి లేస్తలేదు. వేలు ఇంటికాడనే ఏపిచ్చుకొచ్చిన. నాలుగింటికి బ్యాంకుల సంతకాలు. మేనేజరు సారుకు ట్రాన్స్‌ఫర్ అయింది, రేపుండడు."

ఆ చెల్లెలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా పొలంలో నాట్లకు వచ్చేది. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేస్తే, తండ్రి చనిపోయే ముందు ఇంటి వెనుక రేకుల గది ఆమెకిచ్చాడు. అందులో ఒక్కతే ఉంటుంది. చదువు రాదు. అందుకే నాకు కొంచెం అనుమానం వేసింది. "ఫోన్ కలుపు, నేను చూస్తాను" అన్నాను. అలా అన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఎంత జాగ్రత్తపరురాలినో!

వీడియోలో కనబడింది. నెత్తి మీద కొంగు, వెనుక రేకుల గోడ. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. "కాగితం మీద వేలు నువ్వే వేశావా?" అని అడిగాను. "ఏసిన అక్కా" అంది. తర్వాత ఫోను వైపు సూటిగా చూసి, కళ్లు పెద్దవి చేసి, రెండుసార్లు మెల్లగా ఆర్పింది. మెడ కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది. జ్వరం కదా, పాపం నీరసం అనుకున్నాను. కాగితంలో ఏముందో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

గుర్తించినవారి గీత మీద సంతకం పెట్టాను. సాయంత్రం దాకా ఆగే పని కాదు కాబట్టి, సీలు పట్టుకొని కోర్టుకు వెళ్లి సారుతో వేయించుకొచ్చాను. రిజిస్టరులో కూడా ఆమె వేలు పడాలి. ఆ వరుస ఖాళీగా వదిలాను. "జెరం తగ్గినంక తీసుకొస్త" అన్నాడు వాళ్ల అన్న. తీసుకురాలేదు.

నెల దాటాక ఆమే వచ్చింది, షేరింగ్ ఆటో దిగి, ఒక కవరు పట్టుకొని.

"అక్కా, గా దినం ఫోన్ల నా పింఛన్ ఫోటో అయిందా, కాలేదా? అన్న నువ్వే చేస్తున్నవని చెప్పిండు. పింఛన్ కాగితమని వేలు గూడ ఏపిచ్చుకుండు. కండ్లు కొట్టిన, మెడ తిప్పిన, అయినా పైసలు పడలే."

 పింఛను కోసం ఫోనుకు ముఖం చూపించి కళ్లార్పడం, మెడ తిప్పడం ఊళ్లలో ముసలివాళ్లకూ ఒంటరి ఆడవాళ్లకూ అలవాటైపోయిన పని. ఆమె తన పింఛను కోసం కళ్లార్పింది. నేను దాన్ని నీరసం అనుకొని, ఆమె మాటను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

కవరులోంచి జిరాక్సు తీసింది. అదే కాగితం.

"ఇల్లంత ఆయనదేనట. నేనే రాసిచ్చిన్నట. కోతలైనంక జేసీబీ వస్తది, నీ రూము ఖాళీ చెయ్యి అంటుండు. నేనేడికి పోవాలె? నేను గీడికి రాలేదని నీకెరుకే గదా అక్కా. గామాట వచ్చి చెప్పు సాలు." తర్వాత జిరాక్సు కింద వేలు పెట్టి చూపించింది. "గీ సంతకం ఎవనిదో సదివి చెప్పు. వాడు దొరికితే అడగాలె."

ఆమె వేలు నా పేరు మీద ఉంది. ఆ పేరు చదివితే అయిపోయేది. "కనుక్కుంటాను" అన్నాను. సిగ్గులేని మాట. కాసిని మంచినీళ్లిచ్చి, పేదవాళ్లకు కోర్టులో ఉచితంగా వకీలును ఇస్తారని, అక్కడికి వెళ్లమని చెప్పి పంపాను. అది ఆమెకు మేలు చెయ్యాలని చెప్పానో, నా టేబుల్ ముందు నుంచి పంపెయ్యాలని చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజు నుంచి ఆఫీసు నాకు బోనులా ఉండేది. ఎవరు షట్టరు లోపలికి వచ్చినా ఉలిక్కిపడేదాన్ని. సారుకు చెప్పాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"రిజిస్టరుల గా వరుస ఖాళీ ఎట్ల పెట్టినవమ్మా? ఎవరిదో ఒక వేలు ఏపియ్యి. ఎవడు సూస్తుండు? ఆమె రాలేదని నువ్వన్నవనుకో, నా లైసెన్సు పోతది, దానికన్న ముంగట నీ మీద కేసైతది. ఫికర్ చెయ్యకు. ఊకో. నాలుగు దినాలైతే ఆమెనే ఊకుంటది."

రెండు రోజులు రిజిస్టరు నా టేబుల్ మీదే ఉంది, పక్కన ఇంకు ప్యాడు. నా బొటనవేలు నాకే అనుమానంగా కనబడేది. వెయ్యలేదు. ధైర్యమని అనుకోవద్దు, భయం. నిజం చెబితే నేను మునుగుతాను. చెప్పకపోతే ఆమె గది పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదే నా బతుకు. పైగా ఈ ఒక్క కాగితమేనా? పన్నెండేళ్లలో నేను గుర్తించినవాళ్లలో సగంమంది ముఖాలు నాకు జ్ఞాపకం లేవు. ఒక్కటి అబద్ధమని ఒప్పుకుంటే మిగతా వాటికి ఎవరు పూచీ? ఇంట్లో వంట చేస్తూ ఏడ్చేదాన్ని, ఉల్లిపాయలని చెప్పేదాన్ని.

వారం తిరక్కుండానే ఉచిత వకీలు, చిన్న వయసు అమ్మాయి, నన్ను కోర్టు వరండాలోకి పిలిచింది.

"ఇది మీ సంతకమే గదక్కా? ఆమె రాలేదని మీరు అఫిడవిట్ ఇస్తే, గది కూలగొట్టకుండా ఆర్డర్ అడుగుత. మీరు ఇయ్యకపోతే గీ కాగితం ముంగట ఆమె మాట నిలవది. మీ పేరు ఆమెకింక చెప్పలే. మీరే చెప్పుండ్రి."

రెండు రోజులు జ్వరమని ఇంట్లో పడుకున్నాను. మూడో రోజు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, రాయమన్నాను.

బాన్సువాడలో ఏ నోటరీ దాని మీద సీలు వెయ్యడు. తోటివాడి మీద కాగితం ఎవరు ముట్టుకుంటారు? బోధన్ వెళ్లాలి. అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు కాబట్టి గుర్తించడానికి ఒక మనిషిని తీసుకెళ్లమంది వకీలు. ఎవర్ని తీసుకెళ్లను? మా ఆయనకింకా చెప్పలేదు. నేను నోరు విప్పేలోపే, "నేనొస్త అక్కా, నా పనికే గదా పోతున్నవ్" అంది అప్పుడే అక్కడికి వచ్చిన ఆ చెల్లెలు.

బస్సులో నాకు కిటికీ వైపు సీటు వదిలింది. ఒళ్లో మూట విప్పి ఉడికించిన పల్లికాయలు పెట్టింది. దారిలో వర్ని ఊరు దాటేదాకా ఒలిచి నా చేతిలో వేస్తూనే ఉంది. "నువ్వు లేకపోతే నాకెవరున్నరు" అంది. ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటూనే బోధన్‌లో దిగాను. పల్లికాయలు మాత్రం తిన్నాను.

అక్కడి నోటరీ పెద్దాయన. నా ఆధార్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "కార్డు సరే. నిన్ను ఎరిగినవాళ్లెవరు?" అన్నాడు.

"నాకెరుకే సారు, చిన్నప్పటి సంది" అని ఆమె ముందుకొచ్చింది. ఆయన గుర్తించినవారి గీత చూపించి ఇంకు ప్యాడు జరిపాడు. కాగితంలో ఏముందని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆమె బొటనవేలు నీలి ఇంకులో అద్ది కాగితం మీదికి తెచ్చింది.

నేను ఆ మణికట్టు పట్టుకున్నాను. "ఆగు. ముందు చదువుతాను, విను" అన్నాను.

నిలబడే చదివాను. ఆమె మా ఆఫీసుకు రాలేదని చదివాను. కాగితంలోని విషయం ఆమెకు ఎవరూ చెప్పలేదని చదివాను. ఆమె నా ఎదుట వేలు వేసినట్టు గుర్తించి సంతకం చేసింది నేనేనని, అది అబద్ధమని కూడా చదివాను. ఆయన నీళ్ల గ్లాసు జరిపాడు. తాగలేదు, చివరి దాకా చదివాను. మణికట్టు ఇంకా నా చేతిలోనే ఉంది.

 ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"గా దినం గిట్ల సదివి ఇనిపిస్తే అయిపోతుండె గదక్కా" అంది.

తర్వాత నా పట్టులోంచి చెయ్యి విడిపించుకొని, ఆరిపోయిన వేలు మళ్లీ ఇంకులో అద్ది, నన్ను ఎరుగుదునని వేలిముద్ర వేసింది.