ఎనిమిదో వరుసలో పడవ పిల్ల

మా వీధి చివర ఒక పఠనాలయం ఉండేది. రెండు గదులు, ఆరు బల్లలు, నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనని పదకొండు కుర్చీలు. దాన్ని తెరిచి, ఊడ్చి, పత్రికలు సర్ది, మళ్ళీ మూసే మనిషిని అందరూ బోర్డు బాబాయి అనేవారు. గుమ్మం పక్క గోడకి దిగ్గొట్టిన నల్లబోర్డు వల్ల వచ్చిన పేరది. నేను చాలా ఏళ్ళు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను కాబట్టి ఇందులో కొంత చూసింది, కొంత కిటికీలోంచి చెవిన పడింది. మిగతాది ఆయన భార్య చెప్పింది. ఆవిడ చెప్పినదాంట్లోనే నిజం పాలు ఎక్కువ.

బాబాయి అంతకు ముందు ఇరవై రెండేళ్ళు ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చాడు. అది మూతపడ్డాక ఇక్కడ చేరాడు. అక్కణ్ణించి వెంట తెచ్చుకున్నవి రెండే: గుండ్రటి చేతిరాత, ఖాళీ అంటే భయం. పేజీ అడుగున చోటు మిగిలితే యజమాని ఒప్పుకునేవాడు కాదట. ఏ సామెతో, ఏ ఆరోగ్య సూత్రమో పెట్టి పూడ్చెయ్యాలి. "ఖాళీ వదిలిన పేజీ పన్నూడిన నోరులాంటిది. నవ్వకపోయినా తెలిసిపోతుంది" అనేవాడు. అలా ఆయన పూడ్చిన ఆరోగ్య సూత్రాలు పాటించి ఊళ్ళో ఎంతమందికి అజీర్తి చేసిందో లెక్కలేదు.

నాలుగేళ్ళకోసారి దేశాలన్నీ ఒకచోట చేరి ఆడే క్రీడలు వచ్చాయంటే ఆ బోర్డుకి పదహారు రోజుల వైభోగం. పత్రికలు పదకొండు గంటల బస్సుకి గాని వచ్చేవి కావు. బాబాయి ఆరున్నరకి రేడియోకి చెవి ఆనించి, ఏడు కొట్టేసరికి ఫలితాలు బోర్డెక్కించేవాడు. అంతకు ముందు సాయంత్రమే సుద్దపొడిలో ముంచిన దారాన్ని రెండు కొసలా బిగించి లాగి వదిలేవాడు. టప్‌మని గీత పడేది. అలా ఎనిమిది గీతలు, ఎనిమిది ఫలితాలు. ఏడూ కాదు, తొమ్మిదీ కాదు. పొరపాటు దొర్లితే మర్నాడు అక్కడే ఎర్రసుద్దతో "సవరణ" అని రాసేవాడు. ఎర్రసుద్ద కొని ఎనిమిదేళ్ళైనా ఇంకా వేలెడు మిగిలే ఉందని ఆయన గర్వం.

ఆయన జన్మలో ఏ ఆటా ఆడలేదు. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. "కదిలే బస్సు కోసం నాలుగడుగులు వెయ్యని మనిషి, లోకం పరుగులన్నీ ఈయనకే కావాలి" అనేది భార్య.

పఠనాలయం కార్యదర్శికి మాత్రం ఆ బోర్డు కంట్లో నలుసు. గోడ మీద ఆ చోటే ఆయన బావమరిది సిమెంటు దుకాణం ప్రకటనకి సరిగ్గా సరిపోతుంది. కొలిపించి మరీ చూశాడు. క్రీడలు మొదలైన రోజే వచ్చి నిలబడ్డాడు.

"పేపరు రాకుండానే నీకెలా తెలుస్తాయయ్యా ఇవన్నీ?"

"రేడియో అండి."

"రేడియోనో, నీ బుర్రో. పొరపాటు పడితే ఎర్రసుద్ద ఉంది, సరే. పుట్టించి రాశావని తెలిసిందో, మర్నాడే బోర్డు పీకిస్తా. కమిటీ పుస్తకంలో రాసి మరీ చెప్తున్నా."

రాశాడు కూడా. ఆ బోర్డు లేకపోతే బాబాయి ఊడ్చేవాడు, తాళం వేసేవాడు. అంతకు మించి ఏమీ కాడు. ఆ సంగతి కార్యదర్శికి తెలుసు, బాబాయికి ఇంకా బాగా తెలుసు.

నాలుగో రోజుకల్లా మనవాళ్ళు వరసగా ఇంటిదారి పట్టారు. ఒకాయన ఇరవై మూడో స్థానం, ఇంకొకాయన పోటీ ముందు రోజు జ్వరం. పతకాల పట్టికలో మనల్ని రాయాలంటే బోర్డుని వీధిలోకి రెండు గజాలు పొడిగించాలని టైలరు మావయ్య జోకు. ఐదో రోజు పొద్దున రేడియో గరగరలాడింది. ఏడు ఫలితాలు చెప్పి, ఎనిమిదోది చెప్పబోతూ గుటుక్కుమంది. బాబాయి దాని నెత్తిన కొట్టాడు, పక్కన కొట్టాడు, బతిమాలాడు. ఉలకలేదు, పలకలేదు. బయట ఎనిమిదో గీత ఖాళీగా ఎదురుచూస్తోంది. టైము ఏడు.

అచ్చాఫీసు చెయ్యి ఊరుకుంటుందా? సుద్ద అందుకుని ఇలా రాసింది: "ఆడవాళ్ళ ఒంటరి పడవ పందెం, తొలి పోటీ: చిన్నదీవి అమ్మాయి ఆఖరు. ఓడినవాళ్ళకి రేపు మరో అవకాశం."

అందరికంటే వెనకపడ్డదాని సంగతి ఎవడడుగుతాడని ఆయన ధీమా. మొదటి స్థానం ఇస్తే పేపర్లో వెతుకుతారు గాని ఆఖరుదాని గొడవ ఎవరికి పట్టిందిలే అనుకున్నాడు. అక్కడే ఆయన మా వీధిని తప్పుగా కూర్చాడు.

ఎదురుగా బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే అక్కకి చదువు రాదు. రోజూ ఏడింటికి టైలరు మావయ్య పైకి చదివితే వినేది. ఏడు ఫలితాలకీ ఆమె పెట్టె ఆగలేదు. ఎనిమిదోదానికి ఆగింది.

"ఓడినవాళ్ళకి మళ్ళీ పెడతారా? నిజంగానా బాబాయ్?"

"పడవ పందెంలో అంతేనమ్మా" అన్నాడు బాబాయి. ఆ మాట నిజమే.

"మరి మనకెక్కడా అలా పెట్టరేం?" అంది అక్క. "రేపు చెప్పు, ఏమైందో. మర్చిపోతావేమో, నీ తెల్ల చొక్కా నా దగ్గరే ఉంది."

మర్నాడు రేడియో తనంతట తానే మళ్ళీ పలికింది. ఆ పిల్లని గుట్టుచప్పుడు కాకుండా ఓడించి ఇంటికి పంపేద్దామనే బాబాయి బయటికొచ్చాడు. ఏడు కాకముందే అక్క బండి వదిలేసి బోర్డు కింద నిలబడి ఉంది. చేతిలో కాలే ఇస్త్రీపెట్టె. ఆ పెట్టె ముందు ఓడించడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. "రెండో స్థానం. పై పోటీకి అర్హత" అని రాశాడు. అక్క పెట్టె పైకెత్తి ఒక కేక వేసింది. టైలరు మావయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇక చూడండి. ఏడో రోజు వీధి సగం అక్కడే. ఎనిమిదో రోజు రెండో సగం. మొదటి ఏడు వరసలు చదవమని అడిగేవాళ్ళే లేరు. "అవన్నీ తర్వాత మావయ్యా, మన పడవ పిల్ల సంగతి చెప్పు" అని గోల. సంగతి అంటే వాళ్ళకి స్థానం ఒక్కటే చాలదు. ఏం తింటుంది, ఎవరు నేర్పారు, పడవ సొంతమా, అద్దెదా? బాబాయి అడిగినవాటికల్లా తడుముకోకుండా జవాబు చెప్పాడు. దీవిలో మంచుగడ్డలు తయారుచేసే కార్ఖానాలో పని. పడవ అరువుది, ఆకుపచ్చ రంగు. ఎనిమిదో రోజు తెడ్డు పగిలింది, తాడు చుట్టి లాగించింది.

"అదేంటి బాబాయ్, వెనక్కి తిరిగి కూర్చుని తోస్తారంటగా? ఎటు పోతున్నదీ కనపడదా?" అన్నాడు టైలరు మావయ్య.

"కనపడదు. ముందున్నవాడికి వెనకవాళ్ళందరూ కనిపిస్తుంటారు. ఆఖరున ఉన్నవాడికి నీళ్ళు తప్ప ఏమీ కనపడవు."

"ఆ మాత్రానికి దీవిదాకా ఎందుకు, మా అన్నదమ్ముల్ని చూస్తే చాలు" అన్నాడు మావయ్య.

ఇంట్లో భార్య రెండు రోజులు ఊరుకుంది. తొమ్మిదో రోజు సాయంత్రం, బాబాయి గోడకేసి చూస్తూ చేతులు ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే అడిగింది.

"ఏవండీ, ఆ పిల్లకి వయసెంత?"

"ఇరవై ఒకటి."

"పెళ్ళయిందా?"

"నాకేం తెలుసే!"

"మీకు తెలీకపోతే లోకంలో ఇంకెవరికి తెలుస్తుందండీ?" అంది ఆవిడ తాపీగా.

బాబాయి చేతులు ఆగిపోయాయి. నిజం కక్కేశాడు. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. పని తేల్చే మనిషి.

"ఇంకా నయం, పెళ్ళిదాకా రాలేదు. రేపు పొద్దున్నే ముంచెయ్యండి."

"ఎలా ముంచనే? దానికి ఈత వచ్చని నిన్ననే చెప్పేశాను."

"అన్నీ చెప్పెయ్యడమే! పోనీ, కడుపునొప్పి రప్పించండి."

బాబాయి వల్ల కాలేదు. పదో రోజు పడవ పిల్ల మూడో స్థానంలో, వెంట్రుకవాసి తేడాతో, ఆఖరి పోటీకి వెళ్ళింది. ఆ రోజే కార్యదర్శి వచ్చి, ఆరు రోజుల పత్రికలు బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చిన్నక్షరాలతో సహా వెతికాడు. నా ఎదుటి కుర్చీలోనే కూర్చున్నాడు. దీవీ లేదు, పిల్లా లేదు. అంత ఆనందంగా పత్రిక చదివిన మనిషిని ఆ గదిలో నేను మళ్ళీ చూడలేదు.

"రేపు ఏడింటికి వస్తానయ్యా. జనం ముందే మాట్లాడుకుందాం" అన్నాడు వెళ్తూ.

మర్నాడు బాబాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వీధి వీధంతా ముంగిట ఉంది. కార్యదర్శి చంకలో పత్రికల కట్ట పెట్టుకుని, ఇంటి బట్టలతోనే వచ్చేశాడు. బాబాయి ఏడు ఫలితాలు ఎప్పటిలాగే రాశాడు. ఎనిమిదో గీత దగ్గర ఆగి, జేబులోంచి ఎర్రసుద్ద తీశాడు. టైలరు మావయ్య గొంతు సవరించుకుని చదివాడు.

"సవరణ. పడవ పందెంలో చిన్నదీవి అమ్మాయి అనే మనిషి లేదు. ఆరు రోజులుగా రాసింది నా కల్పన. మన్నించాలి."

కార్యదర్శి గట్టిగా ఊపిరి పీల్చి ఉపన్యాసానికి నోరు తెరిచాడు. అంతలో ఇస్త్రీ అక్క కళ్ళు ఆయన చంక మీద పడ్డాయి.

"ఓహో, ఇదా సంగతి! నిన్నంతా లోపల కూర్చుని బెదిరించింది ఈయన! బాబాయ్, నీ చేత ఎవరు రాయించారో చెప్పు, భయపడకు."

"ఎవరూ రాయించలేదమ్మా. నిజంగానే లేదు" అన్నాడు బాబాయి.

"చూశారా, ఎంత హడలిపోయాడో!" అంది అక్క జనంతో.

"అమ్మా, ఇదిగో పేపర్లు. ఒక్క పేపర్లోనూ ఆ పిల్ల లేదు" అన్నాడు కార్యదర్శి.

"నేనెప్పుడైనా పేపర్లో పడ్డానా? అయితే నేనూ లేనా?"

"అది కాదమ్మా..."

"మంచు కార్ఖానాలో పనిచేసుకునేదాని పేరు మీ పేపర్లు ఎందుకు వేస్తాయిలే అయ్యా! తెడ్డు విరిగినా తాడు కట్టుకుని లాక్కొచ్చింది. ఆఖరి పూట నువ్వొచ్చి తుడిచేశావు."

వీధంతా ఆ మాటే పట్టుకుంది. బాబాయి తప్పు తనదేనని మూడుసార్లు మొత్తుకున్నాడు. మొత్తుకున్నకొద్దీ వాళ్ళకి జాలి పెరిగింది. ఆరు రోజులు అబద్ధం చెప్తే అక్షరం వదలకుండా నమ్మినవాళ్ళు, ఒక్క నిజం చెప్తే ఒక్కరూ నమ్మలేదు.

కార్యదర్శికి పది గంటలకి ఒక బడిలో బహుమతులు పంచే సభ ఉంది. తెల్ల ప్యాంటూ చొక్కా అక్క బండి మీదే ఉన్నాయి. తొమ్మిదింటికి బండి దగ్గరికెళ్ళి చెయ్యి చాపాడు.

"నా బట్టలు ఇయ్యమ్మా."

"ఏం బట్టలు?"

"అవిగో, కనపడుతున్నాయిగా! మడత పెట్టి ఉన్నాయి!"

"అవా? సవరణ అయ్యా. ఆ బట్టలు లేవు. నేను ఊరికే అనుకున్నాను అంతే."

జనం విరగబడి నవ్వారు. ఆయన అరిచాడు, బెదిరించాడు, గడియారం చూసుకున్నాడు. అక్క పెట్టెలో బొగ్గులు విసురుకుంటూ కూర్చుంది. "పడవ పిల్ల ఎన్నో స్థానమో తేలాక రా" అంది. తొమ్మిదిన్నరకి కార్యదర్శి పఠనాలయంలోకి వచ్చి, బాబాయిని మూలకి లాగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. తగ్గించినా నా కిటికీ దాకా వచ్చింది.

"ఏదో ఒకటి రాసి చావవయ్యా. నాలుగో స్థానం అను. నాలుగోవాళ్ళని పేపరు వెయ్యదు."

"క్షమించాలండి. అబద్ధం రాయను."

"ఆరు రోజుల నుంచి రాసిందేంటి మరి?"

"అదేనండి, మానేశాను. ఇంకా మూడు గంటలు కూడా కాలేదు. అప్పుడే మళ్ళీ మొదలెట్టమంటే ఎలాగండీ?"

"చంపేస్తున్నావయ్యా! సుద్ద ఇటియ్యి."

బాబాయి కొత్త సుద్ద వెతికి, చివర విరిచి, రెండు చేతులతో అందించాడు. కార్యదర్శి ఎర్ర అక్షరాలు చేత్తోనే తుడిచి, వంకరటింకరగా రాశాడు: "చిన్నదీవి అమ్మాయి, నాలుగో స్థానం." బయట జనం మూగారు. వెళ్ళబోతుంటే బాబాయి అడ్డం నిలబడ్డాడు.

"కింద సంతకం పెట్టాలండి. రాత నాది కాదని తెలిసిపోతోంది. నమ్మరు."

"అవునవును, సంతకం ఉండాల్సిందే!" అంది వీధి.

పదికి ఇంకా పది నిమిషాలే ఉంది. కార్యదర్శి సంతకం పెట్టాడు. అలవాటు చొప్పున కింద హోదా, తేదీ కూడా వేశాడు.

"ఎంత తేడాలో పోయిందయ్యా?" అంది అక్క, బట్టలు ఇంకా వదలకుండా.

"సగం పడవ..." అన్నాడు కార్యదర్శి. అందరి ముఖాలూ తనకేసే చూస్తుంటే ఆయనకి కాస్త ఊపు వచ్చినట్టుంది. "ఎదురుగాలి కూడాను. లేకపోతే మూడోది ఖాయం. చూసినవాళ్ళందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట."

అక్క కళ్ళు తుడుచుకుని బట్టలు ఇచ్చేసింది.

ఆ తర్వాత ఐదు రోజులూ బాబాయి ఏడు ఫలితాలే రాశాడు. క్రీడలు ముగిశాక బావమరిది కొలతల టేపుతో దిగాడు. కార్యదర్శి ఆయన్ని వీధి మలుపులోనే ఆపి, వేరే గోడ చూసుకోమని నచ్చజెప్పి పంపించి, ఒంటరిగా లోపలికొచ్చాడు.

"ఏమయ్యా, అన్నీ తుడిచావు. ఆ ఎనిమిదో వరస తుడవవేం?"

బాబాయి పత్రికలు సర్దుతూ తలెత్తలేదు.

"మీ సంతకమండి అది. దాని మీద చెయ్యి వెయ్యడానికి నేనెంతటివాణ్ణి?"