నాన్న బదులు దిగిన మనిషి

గనిలో ఊరే నీటికి ఆదివారం లేదన్న సంగతి నా చిన్నప్పుడే నాకు తెలుసు. గోదావరిఖనిలో మా కాలనీలోని చాలా ఇళ్ళకు ఆదివారం సెలవే. మా నాన్న, మా పక్క క్వార్టరులో ఉండే చాచా మాత్రం భూమి లోపల నీళ్ళు తోడే పంపుల దగ్గర పనిచేసేవారు. బొగ్గు తీయడం ఆగినా పంపులు ఆగకూడదు. అందువల్ల వాళ్ళిద్దరికీ వారంలో ఏ రోజైనా డ్యూటీ పడేది.

నాన్న మా క్రైస్తవ సంఘంలో పెద్ద. చాచా శుక్రవారం మధ్యాహ్నపు నమాజు తప్పని మనిషి. వాళ్ళిద్దరి మధ్య ఒక ఒప్పందం ఉండేది. ఆదివారం నాన్నకు ఉదయం షిఫ్టు పడితే ఆయన బదులు చాచా గనిలోకి దిగేవాడు. శుక్రవారం చాచాకు ఉదయం షిఫ్టు పడితే నాన్న దిగేవాడు. పై అధికారి కూడా సరేనన్నాడు. కాలనీలో ఇలాంటి మార్పిళ్ళు మామూలే కనుక ఎవరూ దీన్ని గొప్పగా చెప్పుకోలేదు. ఆ ఒప్పందం వల్ల నాకు కలిగిన లాభం మాత్రం చిన్నది కాదు. మందిరంలో నాన్న మోచేతికి ఆనుకొని కూర్చునే ఆ ఉదయమే వారమంతటిలో నాకు ఎక్కువ ఇష్టం.

తేదీ లేని సంగతిని నమ్మకూడదన్నది ఇప్పుడు నా నియమం. అయితే నేను చెప్పబోయే ఆదివారానికి నా దగ్గర తేదీ లేదు. అప్పటికి నేను డైరీ రాసే వయసుదాన్ని కాను. ఆ ఉదయం, గని లోపల పంపు దగ్గరికి నడుస్తున్న చాచా కాలిమీద పైకప్పు నుంచి ఒక బండ జారి పడింది. అది నాన్న చేయవలసిన షిఫ్టు. ఆ సమయానికి మేము మందిరంలో పాడుతున్నాము. బయటికి వచ్చాక ఎవరో వార్త చెప్పారు. నాన్న ఒక కాలికి చెప్పు వేసుకొని, రెండోది చేతిలో పట్టుకొని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తరువాత దవాఖాన వైపు కాక ఇంటి వైపు నడిచాడు.

చాచా దవాఖానలో ఉన్నన్ని రోజులూ నాన్న ఒక్కసారీ వెళ్ళలేదు. కాలికి సిమెంటు కట్టుతో ఆయనను ఇంటికి తెచ్చిన తరువాత, మధ్యనున్నది ఒక్క గోడే అయినా, ఆ గడప తొక్కలేదు. డ్యూటీకి వెనక తలుపు నుంచి బయటపడేవాడు. ఆయన మనసు రాయి కాదు. రాత్రి అన్నం కలిపి తినకుండా లేచిపోయేవాడు. ఆ ఇంట్లో తనకు వినిపించబోయే మాటకు భయపడ్డాడని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే భయం. చాచీ వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే నేను తలుపు చాటుకు వెళ్ళేదాన్ని. నేను నాన్న పక్కన హాయిగా కూర్చున్న ఆ గంటకు చాచా తన కాలితో వెల చెల్లించాడని నాకు అనిపించేది. ఎవరికీ చెప్పలేదు.

బుధవారం సాయంత్రాలు సంఘంవారు వంతులవారీగా ఇళ్ళలో ప్రార్థనకు కూడేవారు. ఒక బుధవారం మా వంతు వచ్చింది. నాన్న ఆ రోజు కన్నీళ్ళతో ప్రార్థించాడు. చాచా కాలి కోసం, ఆ ఇంటి కోసం అడిగాడు. ప్రభువే స్వయంగా వెళ్ళి ఆ మంచం పక్కన నిలబడాలని వేడుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. గోడకు ఆనుకొని కూర్చున్న మా నాయనమ్మ అనలేదు.

"నేనైతే అన. దేవుణ్ణి పొమ్మంటున్నవు, నువ్వెందుకు పోతలేవు? గోడ అవతల్నే గదరా ఉన్నడు!"

"అవ్వా, ప్రార్థనల గిట్ల మాట్లాడొద్దే," అన్నది సంఘంలోని ఒకావిడ.

"మరెప్పుడు మాట్లాడాలె? చాయ్ తాగినంకనా?"

ఎవరో నవ్వబోయి ఆపుకొన్నారు. నాన్న తల దించుకొని, చిన్నపిల్లవాడిలాగా అడిగాడు. "పోయి ఏం చెప్పాలె అమ్మా?"

"ఏం చెప్పకు. వాళ్ళు అనేది విని రా."

నాన్న లేచి నా చేయి పట్టుకొన్నాడు. నన్ను నడిపించడానికి కాదు, తాను నడవడానికే పట్టుకొన్నాడని ఆ అరచేతి చెమటవల్ల తెలిసింది. చాచీ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"ఆ ఆదివారం నీ డ్యూటీ గద భాయ్," అన్నది.

"అవును."

"మరి ఇన్ని దినాలు ఏడున్నవ్?"

ఏ మాటకు భయపడి దాక్కున్నామో ఆ మాట ఒక్క వాక్యంలో అయిపోయింది. నిజానికి భయపడవలసింది దాని తరువాతి ప్రశ్నకే. బండ పడటం ఆయన చేతుల్లో లేదు. ఈ గడప తొక్కకపోవడం పూర్తిగా ఆయన చేతుల్లోనే ఉండింది.

లోపల మంచం మీద నుంచి చాచా కేకేశాడు. "ముందు కూసోనియ్యి, తర్వాత తిట్టు!"

కూర్చున్నాము. నాన్న చెప్పబోయిన క్షమాపణను చాచా సాగనివ్వలేదు. అలాగని నీ తప్పేమీ లేదనీ అనలేదు. "కాలుదేముంది, అతుకుతది. జుమ్మా నమాజుకు పోతలేను, అదే ఫికర్," అన్నాడు. సైకిలు మీద కూర్చునే వీలు లేదు, మోసుకెళ్ళే మగదిక్కు ఆ ఇంట్లో లేదు.

"ఈ శుక్రవారం నేను తీస్కపోత," అన్నాడు నాన్న.

శుక్రవారం నాన్న కూరగాయల తోపుడు బండి ఒకటి అడిగి తెచ్చి, దానిమీద బొంత పరిచాడు. చాచా దాన్ని చూసి, "నక్కో భాయ్, వద్దు! నన్ను ఉల్లిగడ్డల లెక్క అమ్ముతవా ఏంది?" అన్నాడు. "ఎవ్వరు కొనరు తియ్యి, శానా బరువున్నవ్," అన్నాడు నాన్న. ప్రమాదం తరువాత వాళ్ళిద్దరూ నవ్వడం నేను చూసింది అప్పుడే.

నేనూ బండి వెంట నడిచాను. మసీదుకు వెళ్ళే దారి మా మందిరం ముందు నుంచే పోతుంది. అక్కడ మా సంఘానికే చెందిన మరో పెద్ద ఎదురయ్యాడు. బండినీ, దానిమీది మనిషినీ చూశాడు.

"ఏంది గిది? సంఘ పెద్దవయ్యుండి మసీదుకా?"

"నేను ఆదివారం ఈ మందిరంల కూసున్నప్పుడు ఈయన యాడున్నడో నీకు తెల్వదా?" అని నాన్న బండి ఆపకుండానే తోసుకుపోయాడు.

మసీదు మెట్ల దగ్గర చాచాను ఎత్తి లోపలివారికి అందించి, ఎండలో ఖాళీ బండి పట్టుకొని నిలబడ్డాడు. ఎన్నడూ నిలబడని చోటు అది. ఎక్కడ చూడాలో ఆయనకు తెలియలేదు. నేనైతే మా బడి పిల్లలు చూస్తారని సిగ్గుపడుతూనే ఉన్నాను. మా బదులు సిలువ మీద బాధపడిన ఒకరి గురించి మేము ప్రతి ఆదివారం తీరికగా పాడేవాళ్ళం. ఆ పాట నాన్నను ఇంత దూరం తీసుకువస్తుందని నేను అనుకోలేదు. ఆయన కూడా అనుకొని ఉండడు.

కట్టు విప్పేదాకా, ఉదయం షిఫ్టు పడని ప్రతి శుక్రవారం నాన్న బండి తోశాడు. చాచా కాలు తిన్నగా అతకలేదు. ఆయనకు గని పైన తేలిక పని ఇచ్చారు. నాన్న మళ్ళీ ఎవరితోనూ ఆదివారం మార్చుకోలేదు. ఉదయం షిఫ్టు పడితే తానే దిగేవాడు. విశ్వాసం చల్లారిందని కొందరు అన్నారు, కొంతకాలానికి పెద్దరికం వేరొకరికి ఇచ్చారు. నేను మందిరంలో నాయనమ్మ పక్కన కూర్చోవడం అలవాటు చేసుకొన్నాను. చాచా కుంటుతూ వీధిలో పోతుంటే నాన్న చూపు ఆ కాలి వెంటే వెళ్ళేది. ఆయన అపరాధభావం పోలేదు. దాన్ని వెంటబెట్టుకొనే ఆ ఇంటికి వెళ్ళేవాడు.

నేను నేర్చుకొన్నది అదే. ముఖం చెల్లని ఇళ్ళకు, ఏమనాలో తెలియకుండానే వెళుతున్నాను. అన్నిసార్లూ వెళ్ళానని చెప్పలేను. ఆత్మీయంగా ప్రార్థించి అంతటితో సరిపెట్టుకొన్న సాయంత్రాలూ నాకు ఉన్నాయి. వెళ్ళిన చోట ఒకరు తలుపు తీయలేదు. ఒకామె నలుగురూ వినేలా తిట్టింది. ఆ తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి కాని నన్ను నిద్రలేపవు. వెళ్ళకుండా ఉండిపోయిన ఇళ్ళే లేపుతాయి.