చిన్నాయన లేతు, మామ పంపు బుష్షు

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం రేగిన రోజుల్లో, మా చేవెళ్లలో ఎవరికీ పని లేదు గానీ అందరూ తీరిక లేకుండా ఉండేవారు. కాలేజీలు మూతపడ్డాయి. బస్సు ఎప్పుడు బయలుదేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో డ్రైవరుకే తెలిసేది కాదు. పట్నంలో ఆఫీసులు సమ్మెలో ఉన్నాయి. (ఆ ఉద్యమంలో నా ఈడు పిల్లలు తూటాలకు పోయారు. వాళ్ల గురించి వేళాకోళంగా రాయడానికి నాకు చెయ్యి రాదు. నేను వేళాకోళం చేస్తున్నది ఆ పేరు చెప్పుకుని నీడపట్టున కూర్చుని గొప్పలు పోయిన మమ్మల్ని.) నేను పట్నంలో పాలిటెక్నిక్ చదువుతూ, కాలేజీ మూసేస్తే ఇంటికొచ్చి పడ్డాను. అప్పటిదాకా నేను నేర్చిన విద్యల్లా ఒక ఇనుప ముక్కను ఆకురాయితో రాకి నాలుగు మూలలూ సమం చేయడం. ఆ ముక్క అరిగి అరిగి గోరంత అయింది గానీ సమం మాత్రం కాలేదు. అయినా ఊళ్లో అందరూ నన్ను ఇంజినీరు అని పిలిచేవారు. నేను కాదనేవాణ్ణి కాదు.

మా చిన్నాయన, అంటే మా బాపు తమ్ముడు, పట్నంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. సమ్మె మొదలైన వారానికే ఆయన చేతులకు దురద పుట్టింది. పట్నంలో మూతపడిన ఒక వర్క్‌షాపువాళ్లు సామాను అమ్ముకుంటుంటే, లోహపు ముక్కను గిర్రున తిప్పుతూ చెక్కే మిషను, కుట్టు మిషనులా కాలితో తొక్కే పాత లేతును కొని, ఎడ్లబండి మీద తెచ్చి బర్రెల కొట్టంలో పెట్టించాడు. బర్రె బయటికి వచ్చింది, లేతు లోపలికి వెళ్లింది. లేతుతోపాటు వచ్చిన పుస్తకంలోని జాగ్రత్తలన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి గోడకు అంటించాడు: ఉలి పదును చూసుకోనిదే మిషను ముట్టవద్దు, లోహపు పొట్టును చేత్తో తీయవద్దు, ముక్కను వేడి మీద కొలవవద్దు, ముక్కను బిగించిన తాళపుచెవిని మిషనుకే వదిలేసి తిప్పవద్దు. పొద్దున్నే వాటిని పైకి చదివిగానీ పని మొదలుపెట్టేవాడు కాదు. ఆదివారం చర్చి నుంచి జనం బయటికి వస్తుంటే మెట్ల దగ్గర నిలబడి, లేతు అన్న వస్తువును జన్మలో చూడనివాళ్లకు కూడా ఆ జాగ్రత్తలు చెప్పేవాడు. పాస్టరుగారు ఒకసారి, "మీ ఆజ్ఞలు నా పది ఆజ్ఞలకన్న ఎక్కువున్నయి, జర తగ్గించుకోండ్రి" అన్నారు.

జాగ్రత్తలు చదివిన మొదటి రోజే తాళపుచెవిని మిషనుకు వదిలేసి, "తొక్కు" అన్నాడు నన్ను. తొక్కాను. అది ఎగిరి వెళ్లి బర్రె కుడితి గోలెంలో పడి, గోలేన్ని రెండు చెక్కలు చేసింది. మా చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చి, పారుతున్న కుడితినీ మమ్మల్నీ చూసి, "బర్రె కొట్టంల ఉన్నన్ని దినాలు ఒక్క కుండ పలగలె" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇలా మేము ఊరికి సలహాలిస్తూ, ఇంట్లో కుండలు పగలగొడుతూ ఉండగా, ముడిమ్యాల నుంచి మా మేనమామ నడుచుకుంటూ వచ్చాడు. భుజం మీది తువ్వాలలో ఏదో మూటగట్టి తెచ్చాడు. విప్పితే బొటనవేలంత ఇత్తడి గొట్టం. బావి దగ్గరి పంపులో ఇరుసు తిరిగే చోట ఉండే బుష్షు అది. ఒక పక్క కాగితంలా అరిగిపోయి ఉంది.

"పంపు కూసున్నది బావా," అన్నాడు మామ. "పట్నం పోయి తెద్దమంటె బస్సుల్లెవ్వు. వరి పొట్టకొచ్చింది. ఇప్పుడు నీళ్లు లేకుంటె తాలు తప్ప గింజ రాదు."

"ఫికర్ చెయ్యకు," అన్నాడు చిన్నాయన. "మిషన్ మనది, ఇంజినీరు మనోడు. పట్నంతోని మనకేం పని?"

మామ, "నువ్వు చెప్పినవనే మోట తీసేసిన. ఎడ్లను గూడ అమ్మిన," అన్నాడు. నింద లేకుండా, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు మామూలుగా అన్నాడు. ఎడ్లతో నీళ్లు తోడే మోట పాతకాలపుది, ఇంజను పెట్టుకొమ్మని పోరింది నిజంగా చిన్నాయనే. ఆయన గోడ మీది జాగ్రత్తల వైపు చూశాడు. అందులో దీనికి పనికొచ్చేది ఏదీ లేదు.

బుష్షు చేయాలంటే ముందు గట్టి ఇత్తడి కావాలి. ఇల్లంతా వెతికితే బిందెలు దొరికాయి, చెంబులు దొరికాయి, అన్నీ పలచటివే. చివరికి చిన్నాయన కళ్లు అల్లంవెల్లుల్లి దంచుకునే ఇమాందస్తా మీద ఆగాయి. దాని రోకలి నిండు ఇత్తడి.

"అది మా అవ్వ ఇచ్చింది," అంది చిన్నమ్మ. "రోకలి మీరు పట్టుకపోతె ఉత్త గిన్నెల నేను ఏం బెట్టి దంచాలె?"

ఆమె మామ కాళ్లకంటుకున్న దుమ్ము వైపు చూసి, రోకలి తెచ్చి చిన్నాయన చేతిలో పెట్టింది. "అన్న ముఖం జూసి ఇస్తున్న. మీ ముఖాలు జూసి కాదు."

ఇక నేను తొక్కడం, ఆయన ఉలి పట్టడం. ఇత్తడి ఇనుములా చుట్టలు చుట్టలుగా రాదు, ఇసుకలా చిట్లి కళ్లలోకి ఎగురుతుంది. (ఇది పుస్తకంలో ఉంది. మేము కళ్ల నిండా పోయించుకున్న తర్వాత చదివాం.) మధ్యలో కన్నం వేసేసరికి నా తొడలు నావి కాకుండా పోయాయి. పైభాగం చెక్కి చెక్కి, పొగలు కక్కుతున్న ముక్కను పాత బుష్షు పక్కన పెట్టి కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. చిన్నాయన నన్ను కౌగలించుకున్నాడు. ఆ తర్వాత బయట చేరిన నలుగురినీ చూసి ఆగలేక, మన పంపుకు మనమే బుష్షు చేసుకున్నామనీ, రేపు ఇంజను కూడా మనమే చేసుకుంటామనీ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నేను పక్కన నిలబడి, సగం పని నాదేనని తెలిసేలా నూనె చేతులు ఎత్తి తుడుచుకున్నాను. ఉపన్యాసం సాగుతున్నంత సేపూ బుష్షు చల్లారుతూ ఉంది.

ఇప్పుడు మొయినాబాదులో ఇంటి వెనక షెడ్డు వేసుకుని, సరదాకు లేతు పెట్టుకున్న ఉద్యోగులు అప్పుడప్పుడు నా దగ్గరికి సలహాకు వస్తుంటారు. ముక్క చల్లారనివ్వండి, ఈలోగా చాయ తాగండి, అప్పుడు కొలవండి అని చెబుతాను. బుద్ధిగా తలలూపి వెళ్లి, వేడి మీదే కొలుస్తారు. నాకు కోపం రాదు. రోజూ పొద్దున చిన్నాయన పైకి చదవగా విని మరీ తప్పినవాణ్ణి నేను.

ముడిమ్యాల బావి దగ్గర మామ పంపు విప్పి బుష్షును గూట్లో పెడితే అది గలగలలాడింది. చల్లారిన ఇత్తడి కుంచించుకుపోయింది. చేలో వరి ఆకులు అప్పటికే కొసలు చుట్టుకుంటున్నాయి. ఇంకో రోకలి లేదు. మామ బావి ఒరల మీద చతికిలబడ్డాడు. నేను వ్యాకోచం, సంకోచం అంటూ ఏదో గొణిగాను. "అవి దొరుకుతయా, చేవెళ్లల?" అని ఆశగా అడిగాడు మామ. నాకు బావిలో దూకాలనిపించింది.

అప్పుడు చిన్నాయన తన నస్యం డబ్బా తీశాడు. ఉన్న నస్యాన్నంతా నేల మీద దులిపేసి, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర మామ చేత తెప్పించి, డబ్బా రేకును సన్నటి పట్టీగా కత్తిరించి బుష్షు చుట్టూ చుట్టాడు. ముగ్గురమూ తుమ్ముతూనే దాన్ని గూట్లోకి దిగ్గొట్టాం. "ఆఫీసుల గిట్లనే చేస్తం," అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ. "రెండు కుదరకపోతె నడుమ ఒక కాయితం పెడ్తం." సర్కారు ఎలా నడుస్తుందో నాకు ఆ రోజు తెలిసింది.

ఇంజను దగ్గి, పొగ వదిలి, అందుకుంది. గొట్టం కాసేపు గాలి కక్కి, తర్వాత ఎర్రటి నీళ్లు, తర్వాత తెల్లటి నీళ్లు దూకించింది. ఆ రేకూ ఆ బుష్షూ కలిసి వరి కోతల దాకా లాగాయి. (బస్సులు నడవడం మొదలవగానే మామ పట్నం వెళ్లి అసలు బుష్షు తెచ్చి వేసుకున్నాడు. మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.)

ఆ సాయంత్రం మాత్రం నేను గట్టు మీద కూర్చుని మామ మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. ఆయన వస్తే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను: ఇదేమంత గొప్ప కాదనీ, చదువుకున్నందుకు ఈమాత్రం చేయకపోతే ఎలా అనీ. మామ పార భుజాన వేసుకుని, నీటి వెంబడి వంగి నడుస్తూ, మడి మడికీ దారి తీస్తూ, నా దగ్గరికే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నేను గొంతు సవరించుకున్నాను.

"జర లేవు బిడ్డా," అన్నాడు. "నువ్వు కూసున్న కాడనే గట్టు తెంపాలె."

లేచి పక్క మడి బురదలోకి దిగాను. నీళ్లు నేను కూర్చున్న చోటు నుంచే చేలోకి వెళ్లాయి. మామ వాటి వెనకే వెళ్లిపోయాడు. సిద్ధం చేసుకున్న మాటలు గొంతులోనే పెట్టుకుని, దారి పొడుగునా అలిగి ఇంటికొచ్చాను. ఇన్నేళ్ల తర్వాత, పిక్కలదాకా బురదలో ఠీవిగా నిలబడిన ఆ యువకుడు గుర్తొస్తే కోపగించుకోవాలనిపించదు. దగ్గరికి పిలిచి, ప్యాంటు కాస్త పైకి మడుచుకోమని చెప్పాలనిపిస్తుంది.