పట్టీ ఉన్న చోటు

పుంగనూరులో ముస్లిం ఆడవాళ్ళెవరు పోయినా చివరి స్నానం చేయించడానికి షాహిదాకే కబురు వెళుతుంది. పగలంతా కుట్టుమిషన్ ముందు కూర్చుని గలగలా మాట్లాడే మనిషి, ఆ గదిలోంచి బయటికొచ్చాక నోరు మెదపదు. పోయినవాళ్ళ ఒంటిమీద చూసింది ఎవరికీ చెప్పకూడదని అత్త నేర్పింది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

మొన్న ఎదురింటి జహీరా క్యాన్సర్‌తో కన్నుమూసింది. నొప్పి తగ్గడానికి మదనపల్లె ఆసుపత్రివాళ్ళు ఫెంటనిల్ పట్టీలు ఇచ్చేవారు. ఫ్యాక్టరీలో తయారయ్యే మత్తుమందు అది, నల్లమందుకు తాత. దొంగచాటుగా అమ్ముడై ఎక్కడెక్కడి దేశాల్లోనో వేలమంది ప్రాణాలు తీస్తోంది. ఇలాంటి మందుల తయారీకీ రవాణాకీ లెక్క ఉండాలని దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. ఎక్కడో వియన్నాలో, ఆ ఒప్పందం చూసే ఆఫీసులో మొదలైన లెక్క జహీరా మంచందాకా వచ్చింది. వాడిన పట్టీ తిరిగిస్తేనే ఆసుపత్రి కొత్తది ఇచ్చేది.

ఆఖరిరోజు నర్సు అనిత వచ్చి చూస్తే భుజంమీద పట్టీ లేదు. తన చేతులతోనే అంటించానని కొడుకు తన్వీర్ ఒట్టేశాడు. సాయంత్రానికల్లా జహీరా పోయింది, వీధిలో గుసగుసలు మిగిలాయి. ఆటో తోలేవాడు కదా, బెంగళూరులో అమ్మేసి ఉంటాడన్నారు. పాపం, ఆ మాట పడుతూనే వాడు తల్లి జనాజా మోశాడు.

ఆ పట్టీ చివరి స్నానం చేయిస్తుంటే షాహిదాకు దొరికింది. నొప్పి ఉన్నచోటే పట్టీ వేసుకోవడం మనవాళ్ళకు అలవాటాయె. జహీరా భుజంమీదిది పీకి, కొడుక్కి ఎన్నడూ చూపించని చోట, పుండు పక్కన అంటించుకుంది. వాడితో ఎప్పుడూ ఒళ్ళునొప్పులనే చెప్పేది, డాక్టరు గదిలోకి కూడా రానిచ్చేది కాదు. చర్మానికి నీళ్ళు తగలాలి గనక షాహిదా నూనె రాసి మెల్లగా ఒలిచి, దూదిలో చుట్టి దాచింది.

మర్నాడు మిగిలిన పట్టీలకోసం అనిత మళ్ళీ వచ్చింది. ఒకటి తక్కువని రాసుకుంటుంటే షాహిదా ఆ దూది తెచ్చి ముందు పెట్టింది.

"యాడుండింది షాహిదమ్మా? చోటు రాయాల. లేకుంటే ఇంట్లో దాచిపెట్టినారంటారు," అంది అనిత.

తన్వీర్ తల వంచుకున్నాడు. షాహిదా చెబితే అత్త మాట దాటినట్టు, చెప్పకపోతే ఈ బిడ్డ దొంగ.

"ఆమె ఒంటిమీదే ఉండింది. నేనే ఒలిచినాను," అంది చివరికి. "చోటు అడగొద్దమ్మా. నా పేరు రాసుకో, సంతకం పెడతాను."

అనిత చోటు గడిలో 'ఒంటిమీద' అని రాసింది. షాహిదా ఉర్దూలో సంతకం చేసింది.

తల్లి పోయినప్పటినుంచి కన్నీటిబొట్టు రాల్చని తన్వీర్ అప్పుడు ఏడ్చాడు.

"అమ్మీకి నొప్పి యాడుండిందో నాకే తెలీదు ఖాలా," అన్నాడు.