బత్తలపల్లెలో దిగిన మనిషి

నేను బాలికల హాస్టల్లో వార్డెన్‌గా ఉన్న రోజుల్లో, ఒక ఎండాకాలం నీళ్ల ట్యాంకులో పచ్చగా పాచి పట్టింది. ధర్మవరంలో బ్లీచింగ్ పౌడరు, బాత్రూం యాసిడ్ సీసా కొని అనంతపురం బస్సెక్కాను. పక్క సీట్లోని పెద్దాయన నా సంచిలోకి చూశాడు.

"ఇవి రెండూ ఎందుకమ్మా?"

"ట్యాంకులో పాచి పట్టిందన్నా. రెండూ కలిపి పోస్తే బాగా వదులుతుందని."

ఆయన ముఖం మారిపోయింది.

"వద్దు తల్లీ. రెండూ కలిస్తే విషప్పొగ లేస్తాది. మా తమ్ముడు ట్యాంకులోకి దిగి అట్లే పోసినాడు. మళ్లా పైకి రాలేదు."

మరెట్లా కడగాలో కూడా ఆయనే మెల్లగా చెప్పాడు.

"ముందు నీళ్లు తీసేసి పాచి గీకించు. మనిషి బయటికొచ్చినాక, పౌడరు ఒకటే బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు పైనుంచి పొయ్యి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బాగా కడిగినాకనే పిల్లోళ్ల నీళ్లు పట్టు."

తర్వాత నా సంచిలోంచి యాసిడ్ సీసా తీసి, బస్సు కుదుపులకు ఒలకకుండా రెండు చేతులతో ఒళ్లో పట్టుకున్నాడు. బత్తలపల్లె రాగానే "ఇది నేను తీసకపోతాండా" అని దాంతోనే దిగిపోయాడు. నేను కాదనలేదు.

ఆయన చెప్పినట్టే చేశాం. ట్యాంకులోకి దిగి పాచి గీకింది మా వంటమనిషి లక్ష్మక్క.

ఇప్పటికీ లక్ష్మక్క ఫోన్ చేస్తుంది. ఆ పిల్లల అల్లరి, ఆదివారాల సంగటి తలచుకుని ఇద్దరం నవ్వుకుంటాం. ఆ రోజు పౌడరూ యాసిడూ కలిపి ఆమె చేతికిచ్చి ట్యాంకులోకి దించాలనుకున్నానని మాత్రం నేనింతవరకూ చెప్పలేదు.